ఇరవై రెండో నంబరు

ఐదు గళ్ళలో నాలుగు నింపేశాను, ఒక్కటే మిగిలింది. దాని నెత్తిన "ఈ ఏడాది మీరు సాధించిన వ్యక్తిగత ఎదుగుదల" అని అచ్చేశారు. నలభై ఆరేళ్ళ మనిషి ఏ వైపుకి ఎదుగుతుందో ఈ వార్షిక నివేదిక ఫారం తయారుచేసినవాడిని పిలిచి అడగాలి. గోడ గడియారంలో నాలుగూ ఇరవై. పక్క హాల్లో కుర్చీలు ఈడుస్తున్నారు, మైకులో ఎవరో ఊఫ్ ఊఫ్ అని ఊదుతున్నారు, ఆ ఊదుడు నేరుగా నా తలలోకి వస్తోంది. పొద్దున ఐదింటికి లేచిన తల. కాదు, పోయిన జనవరిలో లేచిన తల, అప్పటినుంచి రోజూ దిండు మీద పెడుతున్నానే గానీ పడుకోబెట్టిన గుర్తు లేదు. నింపిన నాలుగు గళ్ళూ చూస్తే మాత్రం ఎవరో ఘనురాలి జాతకంలా ఉంది. మూడువందల ఎనభై ఆరు లిఫ్టులు పరీక్షించాను, ఈ ఆఫీసు పుట్టాక ఒక జట్టు ఒక ఏడాదిలో చేసినవాటిలో ఇదే ఎక్కువ. ఎనిమిదిమంది కొత్త ఇన్‌స్పెక్టర్లకు పని నేర్పాను. ఆస్పత్రిలో రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులోంచి పదకొండుమందిని దించాను, అందులో ఒకావిడ దిగి నిలబడగానే నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, ఇంకొకాయన ఇంత ఆలస్యమా అని తిట్టాడు. సోమవారం నుంచి చీఫ్ ఇన్‌స్పెక్టర్‌ని. రాసింది నేనే. చదివితే ఎవరిదో చదువుతున్నట్టుంది. ఈవిడ ఎవరో గానీ పాపం ఒక పూట కూర్చోనిచ్చారో లేదో అనిపిస్తోంది.

తలుపు సగం తీసి రికార్డులావిడ తొంగిచూసింది. చంకలో సీలు డబ్బా, చేతిలో తాడుకండె. "ఏమ్మా, ఇంకా అవలేదా? పరీక్ష హాల్లో ఆఖర్న మిగిలిపోయిన పిల్లలా కూర్చున్నావు" అంది. అవుతుందన్నాను. "ఐదింటికి ఈ ఏడాది ఫైళ్ళన్నీ కట్టగట్టి సీలేస్తాను. తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చి అడిగినా విప్పను, ముందే చెప్తున్నా." ఆవిడ ఏటా ఇదే మాటంటుంది. ఏటా ఎవరో ఒకరు ఐదూ పదికి పరిగెత్తుకొస్తారు, ఏటా విప్పుతుంది, విప్పుతూ తిడుతుంది. "మాస్టారు వచ్చేశారు, కొత్త చొక్కా వేసుకొచ్చారు, పెళ్ళికొడుకులా ఉన్నారు, చూడ్డానికైనా రా" అనేసి వెళ్ళిపోయింది.

మాస్టారంటే బడిపంతులు కాదు. మా చీఫ్ ఇన్‌స్పెక్టరు. పదకొండేళ్ళుగా నేనూ ఆయనా ఒక జట్టు. ఈ రోజు ఆయన ఆఖరి రోజు, హాల్లో కుర్చీలు ఆయన కోసమే. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన సంతకం పెట్టి పాస్ చేసిన లిఫ్టుల్లో ఒక్కదాన్ని కూడా మళ్ళీ తెరిచి చూడాల్సిన అవసరం రాలేదని డైరెక్టరు గారు మైకులో చెబుతారు. ఆ మాట చెప్పమని డైరెక్టరుకి రాసిచ్చింది నేనే. నా ఉపన్యాసం కూడా రాసుకున్నాను, ఒకటిన్నర పేజీ, బ్యాగులో ఉంది, మూడుచోట్ల నవ్వులున్నాయి. ఒకచోట ఏడుపు రావచ్చు, అక్కడ నీళ్ళు తాగుదామనుకున్నాను. మనిషి ఏడవడానికి కూడా ముందే ఒక గడి గీసిపెట్టుకుంటే ఇంక మిగిలేదేముంది.

ఐదో గడి. ఎదుగుదల. ఫోను తీశాను, మా పిడుగు మధ్యాహ్నం ఫోటో పంపింది. పిడుగు నా కూతురు, పందొమ్మిదేళ్ళు, ఇంట్లో ఆ పేరుకి తప్ప ఇంకోదానికి పలకదు. జనవరి మొదటి రోజున ఫ్రిజ్ మీద ఒక పెద్ద కాగితం అంటించింది, ఇంట్లో ప్రతివాళ్ళూ ఈ ఏడాది ఏం సాధిస్తారో రాయాలని హుకుం. మా ఆయన "సిగరెట్లు మానడం" అని రాశాడు. అత్తయ్యకి అప్పటికి కళ్ళు కనపడవు, నోటితో చెప్పింది, "కళ్ళు కనపడ్డం" అని. పిడుగు తనకు ఆరు రాసుకుంది. నేను ఒకటే రాశాను, ఈతకొలనులో ఈ గోడ నుంచి ఆ గోడకి ఆగకుండా ఇరవై ఐదు లెంగ్తులు ఈదడం. నా ఎడమ మోకాలి డాక్టరు ఈత నేర్చుకోమన్నాడు కాబట్టి రాశాను, సరదాకి కాదు. ఒకటే రాశానని పిడుగు ఊరుకోలేదు, మిగతావన్నీ తనే చేర్చింది, అమ్మ డ్రైవింగ్ లైసెన్సు, అమ్మ నాన్నమ్మ కంటి ఆపరేషను చేయించడం, అమ్మ ప్రమోషను, అమ్మ నవ్వడం. ఆఖరిదానికి ఎదురుగా టిక్కు పెట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. ఫోటో కింద రాసింది, "అన్నీ అయిపోయాయి మమ్మీ. వచ్చే ఏడాది ఊపిరి పీల్చుకోవడం కూడా లిస్టులో పెడతా, లేకపోతే నీకు గుర్తుండదు."

నిజంగా అన్నీ అయిపోయాయి. మా ఆయన మార్చిలో సిగరెట్లు మానేశాడు, అప్పటినుంచి జేబులో లవంగాలు, దగ్గరికొస్తే పళ్ళడాక్టరు గది వాసన. అత్తయ్య కంటికి కట్టు విప్పిన రోజు డాక్టరు, నర్సు, మేమూ అందరం చుట్టూ నిలబడ్డాం, ఆవిడ నెమ్మదిగా కళ్ళు తెరిచి, నా వంక తేరిపార చూసి, "ఇంత ముసలిదానివైపోయావేంటే?" అంది. నర్సు నవ్వాపుకోలేక బయటికి పోయింది. మా ఆయనది కళ్ళజోళ్ళ షాపు. "మా అమ్మ కళ్ళు బాగుచేయించి నా గిరాకీ ఒకటి తగ్గించావు" అన్నాడు దారిలో. నేను నవ్వాను. పిడుగు టిక్కు పెట్టింది ఆ రోజేనేమో. ఇంటికి కారు నేనే నడిపాను, లైసెన్సు వచ్చిన నాలుగో రోజు, వెనక సీట్లో కొత్త కళ్ళతో అత్తయ్య, ప్రతి బోర్డూ పైకి చదువుతూ. ఇల్లు చేరాక వంట, వంటయ్యాక మర్నాటి ఫైళ్ళు. సంతోషంగానే ఉన్నానేమో. ఉన్నానో లేదో చూసుకునే తీరిక లేదు. రైలు దిగాక దారిలో ఏ ఊళ్ళొచ్చాయో పక్కవాళ్ళు చెబితే, ఓహో, అవన్నీ దాటామా అనుకున్నట్టు.

ఈత గురించి రాద్దాం. అది పూర్తిగా నాదే. తేదీ ఉంటే గడి నిండుగా కనపడుతుంది, ఫోటో పెద్దది చేశాను, పిడుగు ప్రతి టిక్కు పక్కనా తేదీ వేస్తుంది, ఎర్ర సిరా, కోడిగీతలు. జూన్ పదకొండు. అమ్మ, ఇరవై ఐదు, ఆగకుండా. ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. ఈత నేర్పే పిల్ల, నేను బాతు టీచరంటాను, గట్టు మీద నడుస్తూ లెక్కపెట్టింది, ఇరవై రెండు, ఇరవై మూడు, అలా గోడ తాకి తిరిగినప్పుడల్లా ఆ పిల్ల గొంతు నీళ్ళలోంచి మెత్తగా వినపడేది, ఒళ్ళంతా తేలిక, కాళ్ళు నావే అయినా ఎవరో కొత్తగా కొనిచ్చినట్టున్నాయి, మోకాలు ఉందన్న సంగతే మర్చిపోయాను. ఇరవై ఐదో గోడ తాకి తలెత్తితే గాజు పైకప్పులోంచి ఎండ ఇంకా పడుతోంది. "ఆంటీ, ఈరోజేంటి కాళ్ళు కప్పలా కొడుతున్నారు, ప్రతివారం ఈ రోజున కుంటుతూ వస్తారు కదా" అంది బాతు టీచరు. మంగళవారం. వారాల్లో నాకు ఇష్టంలేని వారం, ఎందుకంటే మంగళవారాలు మాకు బయట తనిఖీలు.

మంగళవారమా.

తనిఖీ ఉన్న రోజు నేను ఈదలేను. గోడ పట్టుకుని కాళ్ళు కాసేపు ఊపి వచ్చేస్తాను, బాతు టీచరు "కుంటుతూ వస్తారు" అన్నది అందుకే. ఎందుకు ఈదలేనంటే ఇరవై రెండో నంబరు వల్ల. మా చెక్‌షీటులో ముప్ఫై నాలుగు అంశాలు, వాటిలో ఇరవై రెండోదాన్ని మేం కాటు అంటాం. లిఫ్టు తాళ్ళు తెగినా, వేగం మితిమీరినా, పెట్టె అడుగున ఉన్న రెండు ఉక్కు దవడలు పక్క పట్టాల్ని కరిచి పట్టుకుని ఆపాలి. ఆ దవడల్ని కదిలించేది పైన మెషిన్ రూములో తిరిగే ఒక చిన్న చక్రం. మాస్టారు పైన ఉంటారు, లిఫ్టుని నెమ్మదిగా కిందికి వదిలి ఆ చక్రాన్ని చేత్తో ఆపుతారు, దవడలు కరుస్తాయి, పెట్టె గతుక్కుమని ఆగుతుంది. లోపల నేను. నేలమీద రసమట్టం పెట్టి, అందులో బుడగ పక్కకి జరగలేదు, అంటే రెండు దవడలూ సమానంగా పట్టాయి అని చూసి టిక్కు పెడతాను. ఆ గతుకు చిన్నదే. నా ఎడమ మోకాలికి మాత్రం ప్రతిసారీ తెలుస్తుంది, సూది దిగినట్టు, సాయంత్రానికి వాచి గుమ్మడికాయవుతుంది. మందుల షాపతను నన్ను చూడగానే బిల్లు రాయకముందే పట్టీ తీసి బల్లమీద పెడతాడు. పదకొండేళ్ళలో తనిఖీ చేసి వచ్చి మోకాలు నొప్పిలేని సాయంత్రం ఒక్కటి కూడా లేదు. ఒక్కటి ఉంది. జూన్ పదకొండు.

ఆ రోజు తనిఖీ లేదేమో. సెలవేమో. మాస్టారు రాలేదేమో. ఇవన్నీ అనుకుంటూనే కంప్యూటరులో జాబితా తెరిచాను, వేళ్ళు నాకంటే ముందు వెళ్ళాయి. జూన్ పదకొండు, మధ్యాహ్నం రెండున్నర, ఏడంతస్తుల భవనం, కింద గిడ్డంగులు, ఏడో అంతస్తులో కుట్టు సెక్షను, ఒక్కటే లిఫ్టు, పదమూడుమంది పట్టేది. ఆ రోజుకి మాది ఇదొక్కటే తనిఖీ. స్కాన్ చేసిన చెక్‌షీటులో ముప్ఫై నాలుగు అంశాలూ పాస్. ఇరవై రెండుకెదురుగా నా టిక్కు, మిగతా ముప్ఫై మూడు టిక్కుల్లాగే చక్కగా, తోక పైకెత్తి. కింద రెండు సంతకాలు.

ఎలా పెట్టాను? కళ్ళు మూసుకుంటే ఆ మధ్యాహ్నం వస్తోంది, ముక్కలు ముక్కలుగా. మా పని పద్ధతే అంత. మొదట్లో మాస్టారు వాకీటాకీలో పూర్తిగా చెప్పేవారు, తలుపు తాళం చూడు, అలారం నొక్కు అని. రెండేళ్ళకి ఆ మాటలు ఎగిరిపోయాయి, నంబర్లు మిగిలాయి. "పదిహేడు." "సరే." "పద్దెనిమిది." "సరే." మిగతా జట్లకి గంటంబావు పట్టేది మాకు నలభై నిమిషాలు. కొత్తవాళ్ళు వచ్చి నోరెళ్ళబెట్టి చూసేవారు, మీరు తనిఖీ చేస్తున్నారా, పాట పాడుతున్నారా అనేవారు. అదే మా గొప్ప. మూడువందల ఎనభై ఆరు ఎలా వచ్చిందనుకున్నారు, ఆ పాటవల్లే. ఆయన గొంతులో అంకె లేవకముందే నా కలం గడి మీద ఉండేది. ఆ మధ్యాహ్నం ఇరవై ఒకటి అన్నారు, సరే అన్నాను. తర్వాత వాకీటాకీలో ఆయన ఫోను మోగడం వినపడింది. "ఆఁ, చెప్పరా... పుట్టిందా? ఎప్పుడూ?" ఆయన మనవరాలు. కోడల్ని పొద్దున ఆస్పత్రిలో చేర్పించి మధ్యాహ్నానికి పనికొచ్చారు, పొద్దుట్నుంచి ఆ ఫోను కోసమే కాచుకుని ఉన్నారు. నేను లిఫ్టులో ఒక్కదాన్నే, చెక్‌షీటు చేతిలో, ముసిముసిగా నవ్వుకుంటూ. ఫోను పెట్టేసి ఆయన, "అమ్మాయ్, తాతనయ్యానే" అన్నారు వాకీటాకీలో. "పార్టీ ఎప్పుడు మాస్టారూ?" అన్నాను. "ముందు పని కానీ, ఇరవై మూడు" అన్నారు. "సరే" అన్నాను.

ఆయన ఇరవై రెండు అయిందనుకున్నారు. నేను ఇరవై మూడు విన్నాను, ఇరవై రెండు గడి ఖాళీగా ఉంటే నా చెయ్యి దాన్ని నింపుకుంటూ వెళ్ళింది, అన్నం తినేటప్పుడు చెయ్యి నోటి దారి వెతుక్కోదు కదా. గతుకు లేదు. రసమట్టం సంచీలోంచి బయటికే రాలేదు. ఆ సాయంత్రం నా మోకాలు నాకు చెబుతూనే ఉంది, నేను దాన్ని ఎదుగుదల అనుకున్నాను.

నాలుగూ నలభై. హాల్లో చప్పట్లు. పోనీలే అని ఒక మనసు. ఇన్నేళ్ళలో కాటు దగ్గర ఫెయిలైన లిఫ్టులు నాలుగంటే నాలుగు. ఆర్నెల్లయింది, ఏమీ కాలేదు, అంటే బాగానే ఉన్నట్టు. సోమవారం చీఫ్‌గా కూర్చుంటాను, ఏదో ఒక వంక పెట్టి, ఆకస్మిక తనిఖీ అని, నిశ్శబ్దంగా వెళ్ళి చేసి వచ్చేస్తే ఎవరికీ తెలియదు, మాస్టారి ముప్ఫై నాలుగేళ్ళు చెక్కుచెదరవు. ఇంత మంచి ఆలోచన ఈ ఏడాది మొత్తంలో రాలేదు. ఈ ఆలోచన మీద తల పెట్టి పడుకోవచ్చు. అలిసిపోయాను. మూడువందల ఎనభై ఆరింటిలో ఒకటి. అలిసిపోయినదానికి ఒక్కటి వదిలెయ్యకూడదా, ఎవరైనా సరే, పోనీలే తల్లీ, నువ్వు చేసింది చాలు అనకూడదా.

అప్పుడు రంగు గుర్తొచ్చింది. ఆ భవనంలో మెషిన్ రూముకి కొత్తగా తెల్లరంగు వేశారు, వేసినవాడు గోడతో ఆగలేదు. మాస్టారు పైకెక్కగానే వాకీటాకీలో అన్న మొదటి మాటే అది. "ఎవడో మహానుభావుడు చక్రం మీద కూడా చిందించాడు అమ్మాయ్, దాని స్ప్రింగు తెల్లగా ఉంది. ఇరవై రెండు దగ్గర గట్టిగా చూద్దాం." చూద్దాం అన్నారు. రంగు ఎండితే ఆ స్ప్రింగు కదలకపోవచ్చు. కదలకపోతే కింద ఉక్కు దవడలు ఎంత గట్టివైనా వాటికి కరవమని చెప్పేవాడు లేడు. ఇంకా ఉంది. సలహాల గడిలో నా చేతిరాత, తాళ్ళల్లో పోగులు లేస్తున్నాయి, ప్రస్తుతానికి పరిమితిలోపలే, ఆరు నెలల్లో మార్చవలెను. ఆరు నెలలు ఈ నెల పదకొండుకి నిండాయి. మార్చినట్టు కాగితమేదీ రాలేదు. మేం అక్కణ్ణుంచి బయటపడేసరికి ఆ రోజు కుట్టు సెక్షను వదిలారు, ఐదున్నర, అంతవరకూ కింద మేనేజరు ఇచ్చిన టీ తాగుతూ కూర్చున్నాం, మాస్టారు అందరికీ ఫోన్లు చేసి మనవరాలి కబురు చెబుతున్నారు. లిఫ్టు తలుపు తెరుచుకుంటే పదమూడు బదులు పదిహేడుమంది దిగారు. బరువెక్కువైతే బజరు మోగుతుంది, ఒకావిడ దిగుతుంది, తలుపు మూసుకునేలోగా ఇద్దరు దూరతారు. నడుములు పట్టుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ, చేతుల్లో డబ్బాలు. నన్ను చూసి ఒకావిడ, "లిఫ్టు పాసయిందా మేడమ్? మా ఆయన పదో తరగతి పదిసార్లయినా పాసవలేదు" అంది, అందరూ నవ్వారు. పాసయిందన్నాను. నా నోటితోనే అన్నాను.

ఈ రోజు శుక్రవారం. వాళ్ళకి శనివారం కూడా పనే. సోమవారం లోపల ఆ లిఫ్టు ఎన్నిసార్లు ఎక్కి దిగుతుందో లెక్క వేయబోయి ఆపేశాను.

తలుపు తట్టకుండా వచ్చేది ఈ ఆఫీసులో ఒకరే. మాస్టారు. నిజంగానే పెళ్ళికొడుకులా ఉన్నారు, లేతనీలం చొక్కా, మడతలు ఇంకా విచ్చుకోలేదు, మెడ దగ్గర గుండుసూది తియ్యడం మర్చిపోయారు. "ఏమ్మాయ్, నా చావు సభలా నన్ను అక్కడ కూర్చోబెట్టి పొగుడుతున్నారు, నువ్వొచ్చి రెండు తిట్లు తిడితేగానీ నేను బతికున్నట్టుండదు" అన్నారు. నా మొహం చూసి ఆగారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఏమైంది?"

ఎలా అడగాలో రెండు రకాలుగా అనుకున్నాను, మూడో రకంగా వచ్చింది. "జూన్ పదకొండున మీ మనవరాలు పుట్టింది కదా మాస్టారూ. ఆ ఫోను వచ్చాక మీరు ఇరవై రెండు పిలిచారా?"

ఆయన పిలిచానని అనొచ్చు. నేను నమ్ముతాను. నమ్మాలని ఎంత ఉందంటే, ఆ ఒక్క మాట కోసం ఆయన నోటివైపే చూస్తున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు, కుడిచెయ్యి గాల్లో కొద్దిగా లేచింది, చక్రం పట్టుకోబోయినట్టు. లేచిన చెయ్యి అలాగే ఆగింది. తర్వాత మెల్లగా ఒళ్ళోకి దిగింది.

"పిలవలేదు" అన్నారు.

"మీకు ముందే తెలుసా?"

"నువ్విప్పుడు అడిగాక తెలిసింది. చేసిన పని చేతికి గుర్తుంటుంది కదా. ఆ స్ప్రింగు నా చేతికి గుర్తు లేదు." మెడ దగ్గర తడుముకుని గుండుసూది తీసి నా బల్లమీద పెట్టారు. "తప్పు నాది. పిలవాల్సింది నేను."

"టిక్కు నాది" అన్నాను.

"వాటాలు తర్వాత పంచుకుందాం. అక్కడ పని ఎన్నింటికి వదుల్తారు?"

"ఐదున్నరకి."

గడియారం వంక చూశారు. ఐదు కావస్తోంది. "నువ్వు ఫోన్ చెయ్యి. లిఫ్టు ఆపించు. హాల్లో సంగతి నేను చెప్తాను."

"ఈ రోజు వద్దు మాస్టారూ. లిఫ్టు ఇప్పుడే ఆపిస్తాను. చెప్పడం సోమవారం నేను చెప్తాను, నా ఒక్కదాని పేరుతోటే. ఇవాళ మీ..."

"సోమవారానికి నేను ఈ ఆఫీసు మనిషిని కాను అమ్మాయ్. తప్పు ఒప్పుకోవాలన్నా మెళ్ళో కార్డుండాలి. ఇంకో అరగంట ఉంది నాకు." లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "నీ చీఫ్ పోస్టు కొన్నాళ్ళు ఆగుతుందేమో" అన్నారు. ఆగితే ఆగనివ్వండన్నాను. అన్నాక, నిజంగానే అన్నానని తెలిసింది. "మన ఇద్దరి జట్టు చూసినవాటన్నిటినీ మళ్ళీ చూడమంటారు, మూడువందల ఎనభై ఆరూ" అన్నారు. "మూడువందల ఎనభై ఐదు. దీన్ని రేపు చూసేస్తాం" అన్నాను. ఆయన నవ్వారో లేదో కనపడలేదు, అటు తిరిగిపోయారు.

హాలు తలుపు తెరుచుకున్న చప్పుడు, ఇంకోసారి చప్పట్లు, వస్తున్నారు వస్తున్నారు అని ఎవరో మైకులో. నేను నంబరు నొక్కాను. మోగుతోంది. మోగుతోంది. ఎత్తడేం. నాలుగోసారికి మేనేజరు ఎత్తాడు, నోట్లో ఏదో నములుతున్నాడు. లిఫ్టుల తనిఖీ ఆఫీసు నుంచని చెప్పాను. "ఆఁ, గుర్తుందమ్మా, జూన్లో వచ్చారు, మీరూ, ఒక పెద్దాయనా. మా లిఫ్టు పాసేగా."

"దాన్ని ఇప్పుడే ఆపేయాలండీ. కింద కరెంటు గదిలో మెయిన్ స్విచ్చి దించి, ఆ గదికి తాళం వేయండి. తాళ్ళు మార్చారా?"

"వచ్చే నెల మారుద్దామని... అదేంటమ్మా, ఇంకాసేపట్లో పైన వదుల్తారు. నూటఇరవై మంది ఆడాళ్ళు. ఏడంతస్తులు మెట్లు దిగమంటే నన్ను బతకనిస్తారా? సోమవారం ఆపుతాలెండి."

"ఒక్కరు కూడా ఎక్కకూడదు. ఇప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా?"

"లేరు, కిందే ఉంది, ఖాళీగా."

"అయితే తలుపు తెరిచుండగానే స్విచ్చి దించండి. నేను ఫోనులోనే ఉంటాను."

గొణుక్కుంటూ వెళ్ళాడు. చెప్పుల చప్పుడు దూరమైంది. ఇనుప తలుపు కిర్రుమంది. ఖటక్. మళ్ళీ చెప్పులు. "దించానమ్మా. తాళం కూడా వేశా. ఇప్పుడు నా పుస్తకంలో ఏం రాయను? మా ఓనరు అడుగుతాడు, పాసయినదాన్ని ఎందుకాపావురా అని."

"ఒక పరీక్ష చేయకుండానే చేసినట్టు రాశారని రాయండి."

"ఎవరు?"

"మేమే. ఆ పెద్దాయనా, నేనూ."

అతను రాస్తున్నట్టున్నాడు. ఇక్కడ హాల్లో మైకులో మాస్టారి గొంతు మొదలైంది, మాటలు తెలియడం లేదు, తీరు తెలుస్తోంది, తనిఖీలో ఒక్కో అంశం చదివినట్టు నిదానంగా. మొదట ఎవరో నవ్వారు, ఆయన హాస్యమాడుతున్నారనుకుని. తర్వాత ఆ నవ్వు ఆగింది. కుర్చీ ఏదో కదిలింది. తర్వాత మైకు గుయ్యిమన్న మోత ఒక్కటే.

ఫోను పెట్టేయొచ్చు. పెట్టలేదు. మేనేజరు కూడా పెట్టలేదు, పెట్టడం మర్చిపోయి రిసీవరు బల్లమీద పడేసి మెట్ల దగ్గరికి పోయినట్టున్నాడు, "నా తప్పేం లేదమ్మా, ఆఫీసువాళ్ళే ఆపించారు" అని ఎవరికో ముందే చెప్పుకుంటున్నాడు. అలాగే చెవికి ఆనించుకుని కూర్చున్నాను. ఐదున్నరకి గంట మోగింది, సన్నగా, ఎక్కడో పైన. కాసేపటికి అడుగులు. మొదట రెండు జతలు, తర్వాత పది, తర్వాత లెక్కలేదు, పైనుంచి కిందికి మెట్లమీద వాన పడుతున్నట్టు దిగుతున్నాయి, తిట్లతో సహా. "నడుం విరిగిపోతోందే తల్లీ." "ఎవత్తో ఫోన్ చేసి ఆపించిందట." "ఏసీ గదిలో కూర్చుని ఆపించడానికేం, దిగేది మనం కదా." "దాన్ని పట్టుకొచ్చి ఓ నెల్లాళ్ళు ఈ మెట్లే ఎక్కించాలి." "నెమ్మది, నెమ్మది, ముందు ఆ పెద్దమ్మని దిగనియ్యండే, తొయ్యకండి." ఎవరో పకపకా నవ్వారు. ఎవరో దగ్గారు. ఒక్కొక్కళ్ళే కింది మెట్టు దాటి ఫోను పక్కనుంచి వెళ్ళిపోతున్నారు, గొంతులు దగ్గరై, పెద్దవై, దూరమవుతున్నాయి. తిడుతున్నారు. అందరూ కాళ్ళమీద నడిచి వెళుతూ తిడుతున్నారు. ఆఖరి జత అడుగులు దిగేదాకా నేను ఫోను పెట్టలేదు.